వంకర మ్యాగజైన్

పాత మెషిన్ గన్లు సేకరిస్తానని చెబితే మా కర్నూల్లో ఎవరైనా ముందు నా మొహం చూస్తారు, ఆ తర్వాత వీధి తలుపు తీసే ఉందా అని చూస్తారు. జిల్లాకున్న పేరు అలాంటిది. పెళ్లి కుదిరాక ఈ సంగతి ఎవరి నోటో విని మా మామగారు కొన్నాళ్లు సరిగ్గా నిద్రపోలేదట. పాపం ఆయన తప్పేం లేదు. నాటు బాంబుల వార్తలు పేపర్లో రోజూ వచ్చే కాలం అది.

నిజానికి నా దగ్గర ఒక్క గన్నూ లేదు. ఉండటానికి వీల్లేదు కూడా. 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఆటోమేటిక్ ఆయుధాలన్నీ నిషిద్ధ ఆయుధాలే. రివాల్వర్‌కి అర్జీ పెట్టుకున్నట్టు ఎల్.ఎం.జి.కి (లైట్ మెషిన్ గన్‌కి) లైసెన్సు అడిగితే కలెక్టరాఫీసు గుమాస్తా నవ్వి ఊరుకుంటాడు, లేదా నవ్వకుండా పోలీసులకు ఫోన్ చేస్తాడు. నేను పోగు చేసుకున్నది కాగితాలు. గన్ బాడీ మీద చెక్కిన అంకెలు, అక్షరాలు, కిరీటం గుర్తులు, సింహం గుర్తులు, వాటి మీద ఉల్లిపొర కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దితే దిగిన అచ్చులు. వాటికి తోడు ఫోటోలు, చేత్తో గీసుకున్న బొమ్మలు, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు దొరికిన పాత మిలిటరీ శిక్షణ పుస్తకాలు. అందులోనూ నాకు ప్రాణం లేచొచ్చేవి ఒక తూటా కోసం పుట్టి, తర్వాత ఇంకో తూటాకి మార్చిన గన్లు. ఎప్పుడు పుట్టింది, ఎక్కడ పుట్టింది, ఎవరు మార్చారు, ఏం మార్చారు అన్నది గన్ ఒంటి మీదే రాసి ఉంటుంది. చదవడం రావాలి, అంతే.

నాకు ఆ చదువు నేర్పింది సుబేదార్ తాత. మాకు రక్తసంబంధం ఏమీ లేదు. కొండారెడ్డి బురుజు వెనక సందులో మా ఇంటికి ఎదురిల్లు. మద్రాస్ సాపర్స్‌లో (సైన్యంలో వంతెనలు, దారులు వేసే దళం) పనిచేసి బర్మా యుద్ధం చూసొచ్చిన మనిషి. సాయంత్రం కేసీ కాలువ గట్టు మీద నడకకి పోయేటప్పుడు నన్ను వెంటేసుకుని పోయేవాడు. ఇరావతి నది దాటిన కథ వందసార్లు చెప్పేవాడు కానీ, ఎవరిని చంపిందీ ఎవరు చచ్చిందీ ఒక్కసారి చెప్పలేదు. వంతెన ఎలా కట్టారు, పడవల మీద పలకలు ఎలా పరిచారు, బురదలో గన్ ఎలా తుడిచారు, ఇవే ఆయన కథలు.

మార్చిన తుపాకీ అంటే ఏంటో మొదట తెలిసింది ట్రెజరీ దగ్గర. గేటు ముందు సెంట్రీ భుజాన ఉన్నది నా కళ్లకి అచ్చం .303 రైఫిల్, అదే త్రీనాట్‌త్రీ. గొప్పగా తాతకి అదే చెప్పా.

"దాని మూతి సూడబ్బీ. త్రీనాట్‌త్రీ మూతి అంత పెద్దగుంటాదా?" అన్నాడు.

చూస్తే నిజమే. చిటికెన వేలి కొస పట్టేంత రంధ్రం. అది బెంగాల్లోని ఇషాపూర్ తుపాకీ ఫ్యాక్టరీలో పాత లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ని మార్చి చేసిన .410 మస్కట్. బ్యారెల్ లోపల మెలి తిరిగిన గాడులు ఉండవు, నున్నగా ఉంటుంది. తూటాలు నింపే డబ్బా, అంటే మ్యాగజైన్, ఉండాల్సిన చోట చెక్క ముక్క బిగించి మూసేస్తారు, ఒక్కో తూటా చేత్తో పెట్టుకోవాల్సిందే. తూటా కూడా .303 డొల్లని తిన్నగా సాగదీసి చేసిందే కాబట్టి సైన్యం రైఫిల్‌లో దూరదు. పోలీసులకీ జైలు కాపలాకీ దూరం కొట్టే రైఫిల్ అక్కర్లేదని ఈ ఏర్పాటు. ఇదంతా తాత అక్కడే, సెంట్రీ వింటుండగానే చెప్పాడు. సెంట్రీ మాత్రం తన తుపాకీని కొత్తగా చూసుకున్నాడు.

డిగ్రీలో చేరింది ఎన్‌సీసీ కోసమే అంటే మా నాన్న ఒప్పుకునేవాడు కాదు గానీ నిజం అదే. 1980 ప్రాంతం. ఆదివారం పొద్దున పరేడ్, అయ్యాక టిఫిన్ కూపన్. ఆ కూపన్‌కి వచ్చే ఉగ్గాని బజ్జీ కోసం వచ్చేవాళ్లే సగం మంది. మిగతా సగంలో కూడా బూట్లు, టోపీ, అమ్మాయిల కాలేజీ ముందు నుంచి మార్చ్ చేసుకుంటూ పోవడం, ఇలాంటి కారణాలే ఎక్కువ. నా కారణం కోత్ గది. ఆయుధాలుండే గదిని సైన్యంలో కోత్ అంటారు. ఇనుప తలుపు, రెండు తాళాలు, లోపల గొలుసు వేసి కట్టిన రైఫిళ్లు. బోల్టులు, అంటే తూటాని లోపలికి తోసి వెనక మూసే ముక్కలు, వేరే పెట్టెలో ఉంటాయి. తలుపు తియ్యగానే వచ్చే ఆ నూనె వాసన ఇప్పటికీ కుట్టు మిషన్ రిపేరు షాపు ముందు నుంచి పోతే ముక్కుకి తగులుతుంది.

ఆ గదిలో ఒక మూల రెండు కాళ్ల మీద కూర్చుని ఉండేది బ్రెన్. .303 ఎల్.ఎం.జి.

పైనుంచి పెట్టే మ్యాగజైన్, అదీ వంకర తిరిగి ముందుకు వాలి ఉంటుంది. ఎందుకు వంకర అని మాకు శిక్షణ ఇచ్చే ఉస్తాద్‌ని అడిగితే మందు లేని శిక్షణ తూటా (డ్రిల్ రౌండు) ఒకటి చేతిలో పెట్టాడు. హర్యానా మనిషి, హవల్దారు. తెలుగు ముక్క రాదు, మాకు హిందీ అంతంత మాత్రం. కర్నూలు కాబట్టి ఉర్దూ చెవిన పడి ఉంది గనక బతికిపోయాం. .303 తూటా అడుగున డొల్ల కంటే వెడల్పైన అంచు ఉంటుంది. అలాంటి తూటాలు ఒకదాని మీద ఒకటి పేర్చి చూడండి, వరస తిన్నగా రాదు, వంపు తిరుగుతుంది. ఆ వంపే మ్యాగజైన్ వంపు. పేర్చేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందు వైపే ఉండాలి, వెనక పడిందంటే లోపలికి పోయేటప్పుడు ఇరుక్కుంటుంది. ముప్పై పట్టే మ్యాగజైన్‌లో ఇరవై ఎనిమిదే నింపేవాళ్లం, స్ప్రింగు మీద బరువు పడకుండా.

"ఖోల్నా, జోడ్నా" అని ఉస్తాద్ అరిస్తే విప్పడం మొదలు. పిస్టన్ గ్రూప్, బ్యారెల్ గ్రూప్, బట్ (భుజానికి ఆనించే చెక్క) గ్రూప్, బాడీ గ్రూప్, బైపాడ్ గ్రూప్. వరస తప్పకూడదు. నేల మీద గోనెపట్టా పరిచి ఎడమ నుంచి కుడికి ఆ వరసలోనే పెట్టాలి, బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకి రావాలి. పిస్టన్ లాగినప్పుడు బోల్టు దాని వీపు మీద కూర్చుని బయటికి వస్తుంది. బ్యారెల్ నట్ పిడి పైకెత్తి, మోసే పిడి పట్టుకుని తిప్పి ముందుకు లాగితే బ్యారెల్ చేతికొస్తుంది. కాల్పుల్లో బ్యారెల్ వేడెక్కితే క్షణాల్లో ఇంకోటి మార్చడానికే ఆ చెక్క పిడి. కాల్చిన గ్యాస్ పిస్టన్‌ని ఎంత బలంగా తోయాలో చూసే గ్యాస్ రెగ్యులేటర్‌కి నాలుగు రంధ్రాలుంటాయి. మసి పట్టి గన్ మందగిస్తే పెద్ద రంధ్రం వైపు తిప్పుకోవాలి. ఎడమ పక్కన చిన్న మీట, దానికి మూడు అక్షరాలు. 'ఏ' మీద పెడితే వరసగా కాలుస్తుంది, 'ఎస్' మీద ఆగుతుంది, 'ఆర్' మీద ఒక్కొక్కటే.

మా బ్యాచ్‌లో ఒకడిది ఎడమచేతి వాటం. రైఫిల్ ఎలాగోలా కాల్చేవాడు గానీ బ్రెన్ దగ్గర గొడవే. మ్యాగజైన్ నడినెత్తిన ఉండటంతో సైట్లు ఎడమ పక్కకి జరిపి పెట్టారు, కుడి భుజానికి ఆనించుకుంటే తప్ప కన్ను ఆనదు. వాడు ఎడమ భుజానికి పెట్టి మెడ అష్టవంకర్లు తిప్పి చూస్తుంటే ఉస్తాద్ తల పట్టుకునేవాడు.

మొదటి అచ్చు తీసింది ఈ గన్ మీదే. తాత సలహా. "రాసుకుంటే తప్పు రాస్తావు. రుద్దుకో" అన్నాడు. ఉస్తాద్ మొదట కుదరదన్నాడు, తర్వాత ఏమనుకున్నాడో, తాను పక్కనే నిలబడి చూస్తుండగా రుద్దుకోమన్నాడు. బాడీ కుడి పక్కన నూనె తుడిచి, కాగితం పరిచి, మెత్తని పెన్సిల్ పక్కకి వాల్చి రాస్తూ పోతే తెల్లని అక్షరాలు నల్లని మసిలోంచి ఒక్కొక్కటే లేచొచ్చాయి. పేరు, మార్కు (ఎన్నో నమూనానో చెప్పేది), సంవత్సరం, నంబరు. నంబరు మధ్యలో టి అక్షరం ఉంది. అది కెనడా గుర్తని నాకు చాలా ఏళ్ల తర్వాత, ఆబిడ్స్ పుస్తకం ఒకటి దొరికాక గానీ అర్థం కాలేదు. టొరంటోలో జాన్ ఇంగ్లిస్ అని ఒక కంపెనీ రెండో ప్రపంచ యుద్ధంలో లెక్కలేనన్ని బ్రెన్లు చేసింది. డిజైన్ చెకొస్లొవేకియాది, బ్ర్నో ఊరి ఫ్యాక్టరీది. 1937లో ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డ్‌లో తయారీ మొదలైంది. అక్కడి నుంచి కెనడా, ఆస్ట్రేలియా. చెక్ బొమ్మ, ఇంగ్లీషు కొలతలు, కెనడా ఇనుము, కర్నూలు కుర్రాళ్లు. ఆ గదిలో కూర్చుని ఈ మాట అనుకుంటే నాకు భలే ఉండేది.

మార్చిన బ్రెన్ చూసింది సికింద్రాబాద్‌లో, ఆర్మీ అటాచ్‌మెంట్ క్యాంపులో.

దూరం నుంచే ఏదో తేడా కొట్టింది. అదే ఒడ్డూ పొడుగూ, అవే కాళ్లు, అదే పిడి. కానీ మ్యాగజైన్ దాదాపు తిన్నగా ఉంది. బ్యారెల్ చివర గరాటు లాంటి మూతి బదులు చీలికలున్న సన్నని గొట్టం. దగ్గరికి పోయి చూస్తే మ్యాగజైన్ దిగే నోరు కూడా వేరు. 7.62 మిల్లీమీటర్ల తూటాకి మార్చిన గన్ అని అర్థమైంది. .303కి ఉన్న వెడల్పు అంచు 7.62 తూటాకి ఉండదు, అందుకే వరసకి పెద్దగా వంపు అక్కర్లేదు. నాటో దేశాలు యాభైల్లో 7.62ని అందరికీ ఒకే తూటాగా పెట్టుకున్నాక బ్రిటిష్ వాళ్లు బ్రెన్లని పారేయకుండా మార్చుకున్నారు. ఎల్4 అని పేరు పెట్టి 1991 గల్ఫ్ యుద్ధం దాకా వాడారు. మన సైన్యం కూడా సెల్ఫ్ లోడింగ్ రైఫిల్‌తో పాటు 7.62కి వచ్చింది. మన 7.62 బ్రెన్ పేరు గన్ మెషిన్ 7.62 ఎంఎం 1బి.

బ్రిటిష్ మార్పుల్లో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి బోల్టుది. కెనడా ఇంగ్లిస్ కంపెనీ యుద్ధకాలంలో చైనా కోసం 7.92 తూటాకి బ్రెన్లు చేసింది. 7.92కి కూడా వెడల్పు అంచు లేదు. పదేళ్ల తర్వాత 7.62కి మార్చాల్సి వచ్చినప్పుడు ఆ చైనా బ్రెన్ల కోసం చేసిన బోల్టులే పనికొచ్చాయి. ఎవరి కోసమో చేసిన ముక్క ఎక్కడికో పోయి ఎవరి గన్‌లోనో సరిపోయింది. తర్వాత వచ్చిన ఎల్4ఏ4కి బ్యారెల్ లోపల క్రోమ్ పూత పూశారు. దాంతో అరుగుదల తగ్గి రెండో బ్యారెల్ మోసే పని తప్పింది. చెక్క పిడి పట్టుకుని టకామని బ్యారెల్ మార్చే ముచ్చట పోయింది గానీ, మోసేవాడికి తెలుస్తుంది ఆ హాయి.

ఆ క్యాంపులో గన్‌కి అచ్చు తియ్యనిచ్చింది ఒక తమిళ జవాను, నాయక్ హోదా. మద్రాస్ సాపర్స్ తాత మాట చెప్పగానే మెత్తబడ్డాడు. బాడీ మీద పాత రాతని అడ్డగీత కొట్టి పక్కనే కొత్త రాత చెక్కి ఉంది. అడ్డగీత కింద ఏముందో కంటికి ఆనలేదు. నూనె, రంగు, ఏళ్ల తరబడి చేతుల రాపిడి. పెన్సిల్ మాత్రం పట్టేసింది. రుద్దుతుంటే గీత అడుగున పాత మార్కు, పాత సంవత్సరంలో రెండంకెలు మసగ్గా తేలాయి. నలభైల నాటిది. నాయక్ నా భుజం మీంచి వంగి చూసి "అరే, మా గన్ మాకంటే పెద్దది" అన్నాడు.

కర్నూలు రాగానే కాగితం తీసుకుని ఎదురింటికి పరిగెత్తా. తాత కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూశాడు. నేను గీసుకొచ్చిన బొమ్మలో తిన్నని మ్యాగజైన్ చూసి పెదవి విరిచాడు.

"మీసం గొరిగిచ్చినారు కదరా దీనికి!"

బాగా కాలుస్తుంది తాతా, తూటా కూడా రైఫిల్‌తో కలుస్తుంది అని సర్దిచెప్పబోయా. "కాలిస్తే కాలుస్తాదిలే. అందం యాడుంది?" అన్నాడు. ఈ విషయంలో నేనూ తాత పార్టీయే. బ్రెన్ అందమంతా ఆ వంపులోనే ఉంది. ఎవరేమన్నా వినను.

పేర్లు తప్పు రాసే అలవాటు గురించి ఇక్కడే కాస్త గొణుక్కోనివ్వండి. పత్రికల్లో, పండగ ప్రదర్శనల్లో, చివరికి పెద్ద పెద్ద పుస్తకాల్లో కూడా పైన వంకర మ్యాగజైన్ కనిపిస్తే చాలు, బ్రెన్ అని రాసేస్తారు. మన దేశంలో ఈ పొరపాటు మరీ ఎక్కువ, ఎందుకంటే బ్రెన్ రాకముందే మన దగ్గర దాని పోలికే ఉన్న ఇంకో గన్ ఉంది. వికర్స్ బెర్తియర్. బ్రిటన్ బ్రెన్ వైపు మొగ్గితే భారత సైన్యం 1933లో వికర్స్ బెర్తియర్‌ని తీసుకుంది. ఇషాపూర్‌లోనే తయారయ్యేది. అదే .303, అదే పైనుంచి పెట్టే ముప్పై తూటాల వంకర మ్యాగజైన్. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రెన్లు చాలక మన దళాలు దీన్నే మోసుకెళ్లాయి. తాత బెంగుళూరులో శిక్షణ తీసుకున్నది దీని మీదే. బ్రెన్ చేతికొచ్చింది తర్వాత.

మా చిన్నాయన ఏపీఎస్పీ రెండో బెటాలియన్‌లో పనిచేసేవాడు. దసరాకి ఆయుధ పూజ రోజున కుటుంబాలని లోపలికి రానిచ్చేవాళ్లు. ఒక ఏడాది తాతని కూడా తీసుకుపోయా. తెల్ల దుప్పట్లు పరిచిన బల్లల మీద రైఫిళ్లు, స్టెన్ గన్లు, ఎల్.ఎం.జి.లు, మధ్యలో అమ్మవారి పటం, గుమ్మడికాయ, నిమ్మకాయలు, బంతిపూల దండలు. ఆయుధాల బాగోగులు చూసే ఆర్మరర్ హెడ్ కానిస్టేబుల్ ఒక్క చోట నిలబడటంలేదు. పూజారి వెనకే తిరుగుతూ "చెక్క మీదే సామీ, చెక్క మీదే" అంటున్నాడు. కుంకుమ తడి ఇనుము మీద ఆరిపోతే మర్నాటికి తుప్పు మచ్చ లేస్తుంది, ఇన్‌స్పెక్షన్‌లో మాట పడేది ఆయనే. పూజారి బట్ మీద బొట్టు పెట్టి, చేతి ఊపులో బ్యారెల్ మీద కూడా ఒకటి పెట్టేశాడు. ఆర్మరర్ జేబులోంచి నూనె గుడ్డ తీసి, అమ్మవారి వైపు ఒక దండం పెట్టి, తుడిచేశాడు.

బల్ల చివర రెండు ఎల్.ఎం.జి.లు పక్కపక్కన పెట్టారు. రెండింటి ముందూ అట్టముక్క మీద "బ్రెన్ గన్" అని రాసి ఉంది. తాత మొదటిదాని ముందు ఆగలేదు. రెండోదాని ముందు ఆగిపోయాడు. దాని బాడీ సన్నగా పొడుగ్గా సాగి ఉంది. బ్రెన్‌కి బట్ వేరు, చేతిపిడి వేరు. దీనికి రైఫిల్‌కి ఉన్నట్టు బట్ చెక్కే సన్నబడి చేతిపిడిలా దిగింది. వెనక వైపు కిరీటం, దాని కింద జార్జి రాజు గుర్తుగా జీఆర్‌ఐ అక్షరాలు. స్వాతంత్ర్యం రాకముందు ఇషాపూర్ ముద్ర అది. రాజ్యం మారాక కిరీటం ఉన్న చోటికి అశోక సింహాలొచ్చాయి.

"ఇది బ్రెన్ కాదు నాయనా" అన్నాడు తాత.

"రెండూ ఒకటే కద పెద్దాయనా" అన్నాడు ఆర్మరర్.

"ఒకటే అయితే దీని బ్యారెల్ తీసి దానికి బిగించు, సూద్దాం."

ఆర్మరర్ కాసేపు గడ్డం గోక్కుని, అట్టముక్క తిరగేసి, పెన్ను ఆయన చేతికే ఇచ్చాడు. తాత తెలుగులో, గుండ్రని అక్షరాలతో, వికర్స్ బెర్తియర్ అని రాశాడు. ఆ తర్వాత ఇద్దరూ గ్యాస్ సిలిండర్ శుభ్రం చేసే విధానం మీద మాటల్లో పడి భోజనాల వేళ దాటించారు. చిన్నాయన నన్ను చూసి కోప్పడ్డాడు, నేనేం చేశాను?

తాత పోయాక ఈ పిచ్చి కొంతకాలం మూలపడింది. ఉద్యోగం, బదిలీలు, పిల్లల ఫీజులు. కొత్త ఊరికి పోయినప్పుడు మాత్రం పోలీసు అమరవీరుల దినం, అక్టోబరు 21 దగ్గర పడుతుంటే, ఆయుధాలు జనానికి చూపించే ఓపెన్ హౌస్ ఎక్కడ పెడుతున్నారో కనుక్కునేవాణ్ణి. బడి పిల్లల మధ్య క్యూలో నిలబడిన నడివయసు మనిషిని చూసి కానిస్టేబుళ్లు అనుమానంగా చూసేవాళ్లు. రెండు ప్రశ్నలు అడిగాక అనుమానం పోయి విసుగు మొదలయ్యేది.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డప్పుడు మా పాత ఇల్లు కూడా మునిగింది. మేం మిద్దె ఎక్కి బతికాం. నీళ్లు తీశాక కింద గదిలో బురద తవ్వితే నా పెట్టె దొరికింది. ఫోటోలు ఒకదానికొకటి అతుక్కుని రంగు కారిపోయాయి. ఫౌంటెన్ పెన్నుతో రాసుకున్న నోట్సు మొత్తం నీలం మరక. పెన్సిల్ అచ్చులు మాత్రం చెక్కుచెదరలేదు. సిరా నీళ్లలో కరుగుతుంది, పెన్సిల్ గ్రాఫైట్ కరగదు, అంతే సంగతి. ఒక్కో కాగితాన్నీ బురద నీళ్లలోంచి తీసి, మంచి నీళ్లలో ముంచి, దండెం మీద చీరల క్లిప్పులు పెట్టి ఆరేశాం. మా ఆవిడ ఆ పనిలో నాకంటే ఓపిక చూపించింది. ఊళ్లో జనం బియ్యం, పాసుబుక్కులు, పట్టాలు ఆరబెట్టుకుంటుంటే మా మిద్దె మీద మాత్రం మెషిన్ గన్ నంబర్లు ఆరుతున్నాయి. సహాయం లెక్కలు రాసుకోవడానికొచ్చిన కుర్రాడు ఇవేంటని అడిగాడు. ఆవిడే చెప్పింది: "మా ఆయన ఆస్తి పత్రాలు."

ఇప్పుడు పని అంతా వాట్సాప్‌లో నడుస్తోంది. మేనల్లుడు టెక్సాస్‌లో ఉంటాడు. వారాంతాల్లో గన్ షోలకి పోయే అలవాటు చేసుకున్నాడు. చిన్నప్పుడు నా కాగితాలతో గాలిపటం చేయబోయి తన్నులు తిన్నవాడే. ఒకరోజు ఫోటోలు పంపాడు. "మామా, బ్రిటిష్ మార్క్ వన్ బ్రెన్ అంటున్నాడు, ఒరిజినల్ అంటున్నాడు, నిజమేనా?"

ఫోటో పెద్దది చేసి చూశా. మార్క్ వన్ అయితే వెనక సైట్ డ్రమ్ము తిప్పే రకం ఉండాలి. ఇక్కడ పైకి లేపే ఆకు సైట్ ఉంది, అది మార్క్ టూ నుంచి వచ్చింది. నంబరు మధ్యలో టి. ఇంగ్లండు కాదురా నాయనా, కెనడా. ఇంకొంచెం దగ్గరగా తియ్యమన్నా. బాడీ మీద రాతకి అడ్డంగా రంగు తేడా ఉన్న సన్నని గీత, అలాంటిదే ఇంకాస్త వెనక మరోటి. వెల్డింగ్. అమెరికాలో 1986 మే తర్వాత పౌరులకు అమ్మేందుకు కొత్త మెషిన్ గన్ రిజిస్టర్ చేయడం ఆగిపోయింది. విదేశాల పాత గన్లని గ్యాస్ కట్టర్‌తో ముక్కలుగా కోసి విడిభాగాలుగా అమ్ముతారు. పనివాళ్లు ఆ ముక్కల్ని మళ్లీ కలిపి, ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్కటే కాల్చేలా కొత్తగా కడతారు. అసలు బ్రెన్ బోల్టు వెనక ఆగి ఉండి, ట్రిగ్గర్ నొక్కాక ముందుకొచ్చి కాలుస్తుంది. అలా బోల్టు వెనక ఆగి కాల్చే కొత్త గన్ ఒక్కొక్కటిగా కాల్చేదైనా సరే, మెషిన్ గన్ కిందే లెక్క అని అక్కడి అధికారులు 1982లో తేల్చారు. అందుకని ఈ మార్చిన వాటిల్లో బోల్టు ముందే మూసుకుని ఉంటుంది. మీట 'ఏ' అక్షరం వైపు పోతుందా చూడరా అన్నా. పోవడం లేదు మామా అన్నాడు. మరి ఇంకేం.

ధర మాత్రం వాడు చెప్పలేదు, నేనూ అడగలేదు. కొనకపోయినా నష్టం లేదు, కానీ ఆ పక్కన బల్ల మీద ఉన్న ఖాళీ .303 మ్యాగజైన్ ఒక్కటి కొనుక్కోమన్నా. కొన్నాడు. నా షష్టిపూర్తికి వచ్చేటప్పుడు సూట్‌కేసులో పెట్టి తెస్తానన్నాడు. ఫోన్‌లోనే అరిచా. ఆయుధం విడిభాగం కూడా మన చట్టంలో ఆయుధమే, శంషాబాద్ కస్టమ్స్ వాళ్లకి ఇది మా మామకి కానుక అని ఏ భాషలో చెప్తావురా అని. చివరికి వాడు స్ప్రింగు పీకేసి ఆఫీసు టేబుల్ మీద పెన్నుల స్టాండు చేసుకున్నాడట. వంకరగా ఉండటంతో పొడుగు పెన్నులు పట్టడం లేదంట. పొట్టివి కొనుక్కోమన్నా.